నౌకాదళంలో పనిచేసి వచ్చిన పెద్దల జ్ఞాపకశక్తిని కాపాడుకోవడం ఎలా

మా నాన్నగారు ఇరవై ఏళ్లు యుద్ధనౌకల ఇంజిన్ రూముల్లో పనిచేశారు. మర్రిపాలెంలోని మా ఇంటి టీవీ వీధి మలుపు దాకా వినిపించడం మొదలై, చెప్పిన మాటనే ఆయన రెండోసారి, మూడోసారి అడుగుతున్నప్పుడు, మతిమరుపు వచ్చేసిందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. పరీక్ష చేయిస్తే తేలింది వేరు. ఆయన మరచిపోవడం లేదు, అసలు మాట చెవిన పడటమే లేదు. విశాఖపట్నంలో నౌకాదళం నుంచి రిటైరైనవారి కుటుంబాలకు నేను వినికిడి గురించే ముందుగా చెప్పడానికి కారణం ఇదే.

ఇంజిన్ల హోరు, ఫిరంగుల మోత ఏళ్ల తరబడి భరించిన చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని కణాలు దెబ్బతింటాయి, అవి మళ్లీ పుట్టవు. సన్నని శబ్దాలు ముందుగా దూరమవుతాయి కనుక మనవల మాటలు, ఇంటి ఆడవారి మాటలు మొదట అందకుండా పోతాయి. సగం విన్న మాటను ఊహించి పూరించుకోవడానికే మెదడు అలసిపోతుంది, ఆ అలసటతో మనిషి నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు ముప్పును పెంచే, మనం సరిదిద్దుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ గుర్తించింది. వాటన్నిటినీ అదుపులో పెట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. వినికిడి లోపం వాటిలో ముఖ్యమైనది. 70 నుంచి 84 ఏళ్ల వారిపై అమెరికాలో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, వినికిడి యంత్రాల వల్ల అందరినీ కలిపి చూస్తే తేడా కనిపించలేదు కానీ, ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మూడేళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం మందగించింది.

కాబట్టి అరవై దాటిన మాజీ సైనికుడికి ముందుగా ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించండి. మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే ఆ పథకం పాలీక్లినిక్‌లోని వైద్యుడిని అడిగి ఈఎన్‌టీ నిపుణుడికి రిఫరల్ రాయించుకోండి. వినికిడి యంత్రం ఖర్చు విషయమూ అక్కడే అడగండి. యంత్రం తెచ్చిన రోజునే పెళ్లి భోజనాల సందడిలోకి తీసుకువెళ్లకండి, మొదటి వారాల్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు రెండు మూడు గంటలు పెట్టించి నెమ్మదిగా పెంచండి. మన ఊరి సముద్రపు తేమకు యంత్రాలు త్వరగా పాడవుతాయి. రాత్రిపూట బ్యాటరీ మూత తెరచి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచాలి, రీఛార్జి అయ్యే రకమైతే దుకాణదారు చెప్పినట్టు చేయాలి. మా నాన్నగారు పదిహేను రోజులు దాన్ని బీరువాలోనే దాచారు. అమ్మ బతిమాలితే ఒక ఉదయం పెట్టుకుని, వంటింట్లో ఆవాలు చిటపటలాడుతుంటే గుమ్మంలో నిలబడి, "ఇన్నాళ్లూ పోపు పెట్టడం మానేశావనుకున్నాను" అన్నారు. ఆ తరువాత ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

రెండోది రక్తనాళాల సంగతి. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్ మెదడులోని సన్నని నాళాలను దెబ్బతీస్తాయి. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని, తేదీ, వేళ, అంకెలు ఒక పుస్తకంలో రాయమనండి. ఓడ మీద వాచ్ డ్యూటీలో లాగ్‌బుక్ రాసిన చేతికి ఈ పని వెంటనే పట్టుబడుతుంది. మా ఇంట్లోనైతే స్కేలు పెట్టి గీతలు గీసిన పుస్తకాలు మూడు నిండాయి. రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కనుక, ఎండుచేప, ఆవకాయ, అప్పడం ఒకే విస్తట్లో కలవకుండా చూడాలి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. పొగాకు పూర్తిగా మానాలి. మిలిటరీ క్యాంటీన్ కోటా ఉంది కదా అని నెలనెలా మద్యం సీసా తెచ్చుకునే అలవాటును కూడా మానిపించాలనే నా గట్టి అభిప్రాయం.

మతిమరుపు కనిపించగానే వయసు మీద నెట్టేయకూడదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య, గురకతో ఊపిరి ఆగే నిద్రజబ్బు, కొన్ని నిద్రమాత్రలు, పాత తరం అలర్జీ మాత్రలు కూడా మతిని మందగింపజేస్తాయి, వీటిలో చాలావాటిని సరిచేయవచ్చు. వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వైద్యుడి ముందు పెట్టండి. దిగులు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నొప్పిని బయటపెట్టకపోవడమే ధైర్యమని నేర్చుకున్న తరం వారిది. యుద్ధ అనుభవాల గాయం మనసులో మిగిలిన మాజీ సైనికుల్లో డిమెన్షియా ఎక్కువగా కనిపించిందని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపాయి. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తున్నా, ఎవరితోనూ కలవడం మానేసినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

మెదడుకు పని కావాలంటే పదకేళి ఒక్కటే చాలదు, మనుషులు కావాలి. పాత బ్యాచ్ మిత్రులను నెలకొకసారైనా కలిసేలా చూడండి. మనవలను బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి తీసుకువెళ్లి, లోపల ఏ గది దేనికో ఆయన చేతనే చెప్పించండి. వాళ్లు ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే, వాళ్లకు అర్థమయ్యే మాట వెతికి చెప్పడం మెదడుకు మంచి పని.

పాత మిత్రుడి పేరు గుర్తురాక సాయంత్రానికి తట్టడం వయసుతో వచ్చేదే. ఏళ్లుగా వెళ్తున్న కంచరపాలెం రైతుబజారు నుంచి ఇంటికి దారి తప్పినా, పెన్షన్ లెక్క చూసుకోలేకపోయినా, అడిగినదే గంటలో నాలుగుసార్లు అడిగినా, న్యూరాలజిస్టును కలవాలి. ఒక్క రోజులో ఉన్నట్టుండి తికమకపడటం, మూతి వంకరపోవడం, మాట తడబడటం జరిగితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో కాగితం మీద రాసి అంబులెన్సు సిబ్బంది చేతికి ఇవ్వండి, పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయించడానికి ఆ వేళ చాలా ముఖ్యం.