హిమాలయ సరస్సును కొలిచే ముందు ఊరి చెరువును కొలవండి

హిమానీనదాలు వెనక్కి తగ్గుతున్నాయని, వాటి కొసల దగ్గర కరిగిన నీరు నిలిచి సరస్సులు పెరుగుతున్నాయని పత్రికల్లో చదివే విద్యార్థి ఆ పెరుగుదలను కడప జిల్లాలో కూర్చొని తానే కొలవగలడు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. 2015కు ముందువి కావాలంటే అమెరికా వారి ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. అయితే మొదటి వారం హిమాలయాల జోలికి పోవద్దని నా సలహా. పోరుమామిళ్ళ చెరువుతో మొదలుపెట్టండి. తెర మీద నీరుగా కనిపించినది నిజంగా నీరేనా అన్నది అక్కడైతే గట్టు వెంట నడిచి తేల్చుకోవచ్చు; 4,000 మీటర్ల ఎత్తున ఆ వీలు లేదు.

డిసెంబరులో మబ్బులేని ఒక రోజు చిత్రాన్ని తెరిచి, పొరల జాబితాలో నీటి సూచికను, అంటే ఎన్‌డీడబ్ల్యూఐని ఎంచుకోండి. దాని లెక్క చిన్నదే: ఆకుపచ్చ కాంతి ప్రతిఫలనంలోంచి కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి ప్రతిఫలనాన్ని తీసివేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. నీరు పరారుణాన్ని దాదాపు మింగేస్తుంది కాబట్టి, ఆకుపచ్చ 0.08, పరారుణం 0.02 ఉన్న పిక్సెల్‌కు సూచిక 0.6 వస్తుంది. పక్కనే బీడునేల మీద ఆ విలువలు 0.12, 0.18 అయితే సూచిక మైనస్ 0.2కు పడిపోతుంది. సున్నాకు పైన ఉన్నదాన్ని నీరుగా తీసుకొని అంచు గీయండి. ఉపగ్రహం దాదాపు అయిదు రోజులకొకసారి వస్తుంది కనుక, ఆ తేదీకి దగ్గరలోనే ఫోను పట్టుకొని చెరువు దగ్గరికి వెళ్ళి, నీటి అంచున పది చోట్ల స్థానాలు గుర్తించుకొని రండి.

తెర మీద గీసిన అంచూ, మీరు గుర్తించిన స్థానాలూ ఒకదానితో ఒకటి సరిపోలవు. జమ్ము పెరిగిన చోట, సర్కారు తుమ్మ నీళ్ళలో నిలబడిన చోట ఉపగ్రహానికి ఆకులే కనిపిస్తాయి, కింద నీరున్నట్టు తెలియదు. వాన కురిసిన మరునాటి ఎర్రనీరు పరారుణాన్ని కొంత వెనక్కి పంపుతుంది కాబట్టి సూచిక తగ్గుతుంది. ఈ రెండో తేడాను బాగా గుర్తుపెట్టుకోండి. హిమానీనదం రాతిని అరగదీసి పిండి చేస్తుంది. ఆ పిండి కలిసిన సరస్సు నీరు పాలు కలిపినట్టు ఉండి, మన ఎర్రనీటిలాగే సూచికను తగ్గిస్తుంది. అందువల్ల సున్నా అనే గీతను గుడ్డిగా నమ్మకుండా, చెరువు దగ్గర మీరు గుర్తించిన స్థానాలకు సరిపడిన విలువను కనిపెట్టినట్టే ప్రతి సరస్సుకూ వేరుగా కనిపెట్టాలి.

ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌కు వెళ్ళవచ్చు. లాహౌల్ లోయలో సిస్సు గ్రామానికి ఎగువన ఉన్న గేపాంగ్ గథ్ సరస్సును తీసుకోండి. అక్టోబరు మొదట్లో మంచు ఇంకా పడని చిత్రం మేలు. మనకు చెరువులు నిండే కాలం మొదలయ్యేసరికి అక్కడ మబ్బు విడిచిపోయి ఉంటుంది. మొదటిసారి నేను తొందరపడి జనవరి చిత్రం తీసుకొని, సరస్సు కనిపించక, అది తెగిపోయిందేమోనని ఒక పూటంతా కంగారుపడ్డాను. నీరు గడ్డకట్టి మీద మంచు పరుచుకుందన్న సంగతి సాయంత్రానికి గాని తట్టలేదు. కొండనీడ ఇంకో చిక్కు. నీడ పడిన రాయి నీటిలాగే నల్లగా కనిపిస్తుంది. రెండు వేర్వేరు నెలల చిత్రాలు పక్కపక్కన పెడితే నీడ జరుగుతుంది, సరస్సు జరగదు. హిమానీనదం కొస ఎక్కడుందో గుర్తించడమే అన్నింటికన్నా కష్టం, ఎందుకంటే చాలాచోట్ల మంచు మీద రాళ్ళు కప్పుకొని ఉండి, చుట్టూ ఉన్న నేలలో కలిసిపోతుంది. అక్కడ సూచికల కన్నా కన్నే నయం.

అంచు గీశాక వచ్చిన వైశాల్యాన్ని సరిచూసుకోవడానికి జవాబు మన హైదరాబాదులోనే ఉంది. గేపాంగ్ గథ్ సరస్సు 1989లో 36.49 హెక్టార్లు ఉండగా 2022 నాటికి 101.30 హెక్టార్లకు పెరిగిందని ఇస్రో ప్రకటించింది. ఈ పని చేసేది బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం. ఏడాదికి సగటున 1.96 హెక్టార్లన్నమాట. మీరు కొలిచిన వైశాల్యం ఇస్రో చెప్పిన వైశాల్యానికి రెండు మూడు హెక్టార్ల తేడాతో ఉంటే బెంగపడవలసిన పని లేదు, కాని ఆ తేడా ఎంతో లెక్కకట్టి రాయాలి. చుట్టుకొలతను సగం పిక్సెల్‌తో గుణించడం సులభమైన దారి. చుట్టుకొలత 6 కిలోమీటర్లు వచ్చిందనుకుంటే, 10 మీటర్ల సెంటినెల్ పిక్సెల్‌కు పొరపాటు 3 హెక్టార్లు, 30 మీటర్ల ల్యాండ్‌శాట్ పిక్సెల్‌కు 9 హెక్టార్లు. సరస్సు ఏడాదిలో పెరిగేదాని కన్నా కొలతలో పొరపాటే పెద్దది! కనుక నిరుటికీ ఈ ఏటికీ పోల్చి "పెరిగింది" అని రాసే వ్యాసాలను నేను నమ్మను. కనీసం అయిదారేళ్ళ ఎడం ఉండాలి.

వైశాల్యం నుంచి నీటి పరిమాణాన్ని అంచనా వేయడానికి 2002లో హగెల్ అనే శాస్త్రవేత్త బృందం ప్రచురించిన సూత్రం ఒకటి ఉంది: చదరపు మీటర్లలో వైశాల్యాన్ని 1.42 ఘాతానికి పెంచి 0.104తో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. మన ప్రాంతం వాళ్ళకు టీఎంసీల్లో చెబితేనే మనసుకు ఎక్కుతుంది గనుక మార్చి చూస్తే, గేపాంగ్ గథ్ 1989లో సుమారు 0.3 టీఎంసీ, 2022లో సుమారు 1.2 టీఎంసీ. వైశాల్యం మూడింతలు కాకముందే నీరు నాలుగింతలు దాటింది. సరస్సు లోతును పడవ వేసి కొలిచేదాకా ఇది అంచనాయే.

చివరిగా కట్టను చూడాలి. పోరుమామిళ్ళ చెరువు గురించిన 1369 నాటి శాసనం చెరువుకు ఉండే దోషాల్లో కట్టలోంచి నీరు ఊరడాన్ని, తక్కువ నేలలో ఎక్కువ నీరు నిలవడాన్ని చేర్చింది. హిమానీనదం తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ గుట్టగా నిలిచి ఏర్పడిన మొరైన్ కట్టలో ఈ రెండూ ఉండవచ్చు. పైగా లోపల మంచు దాగి ఉండవచ్చు, తూము ఉండదు, మిగులు నీరు పొర్లిపోయే మరువను ఎవరూ కట్టలేదు. సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సు 2023 సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లు ఉండి, అక్టోబరు 4న 60.3 హెక్టార్లకు పడిపోయింది. 3వ తేదీ రాత్రి పక్కనున్న మొరైన్ వాలు విరిగి సరస్సులో పడగా లేచిన అలకు ముందరి కట్టకు గండి పడింది. ఆ వరద దిగువన చుంగ్‌థాంగ్ దగ్గరి తీస్తా-3 ఆనకట్టను కొట్టుకుపోయింది. అక్కడ సరస్సు ఎంత పెరిగిందన్నది ఒక్కటే చూసినవారికి పక్క వాలు సంగతి తెలిసేది కాదు. కాబట్టి సరస్సు అంచు గీసిన ప్రతిసారీ దానికి పైనున్న వాలుల మీద కొత్త పగుళ్ళు, జారిన మట్టి చారలు ఉన్నాయేమో చూసి, చిత్రం తేదీ, ఉపగ్రహం పేరు, మీరు తీసుకున్న సూచిక విలువ పక్కనే నోటుపుస్తకంలో రాసుకోండి.