మొక్కను వేరు తెగకుండా తవ్వి చూడటం ఎలా?

మిరప మొక్క వడలితే అందరూ ముందు ఆకు తిప్పి చూస్తారు. వేరు చూడాలనిపిస్తే మొదలు పట్టుకుని పీకేస్తారు. అలా పీకితే చేతికొచ్చేది తల్లివేరూ, దాన్ని అంటుకున్న నాలుగు పిల్లవేర్లూ. నీళ్లు తాగే సన్నవేర్లు మట్టిలోనే తెగి ఉండిపోతాయి.

గుంటూరు నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే రాయి. తడి పెట్టాక కొద్ది రోజులాగి, పిడికిట్లో ముద్దకట్టిన మట్టి వేలితో నొక్కితే విడిపోయే పదునులో తవ్వండి. మొదలుకు జానెడు దూరంలో చుట్టూ గునపంతో గాడి తీసి, అడుగు లోతు దిగాక కింద నుంచి మట్టిగడ్డతో సహా ఎత్తండి. బకెట్ నీళ్లలో గంటసేపు నాననిచ్చి, నీళ్లు మారుస్తూ మెల్లగా ఆడించండి. కుళాయి ధార కింద మాత్రం పెట్టొద్దు. కడిగాక తెల్ల పళ్లెంలో కాసిని నీళ్లు పోసి పరిస్తే వేర్లు విడివిడిగా కనిపిస్తాయి.

నారు పీకి నాటిన మిరపలో తల్లివేరు కొస తరచూ తెగి, పక్కవేర్లు గుబురుగా ఉంటాయి. అది జబ్బు కాదు. వరికి నిలిచే తల్లివేరే ఉండదు, దుబ్బు మొదట్లోంచి పీచువేర్లు వస్తాయి. నీరు నిలిచిన మడిలో వాటికి తుప్పురంగు పూత ఉంటే దిగులక్కర్లేదు. నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే వేరుకు గాలి అందడం లేదని అర్థం. మడిలో నీరు తీసి కాస్త ఆరనివ్వాలి. (దుగ్గిరాల పసుపు కొమ్ము నేలలోనే పెరిగినా వేరు కాదు, కాండం. కణుపులే సాక్ష్యం. చిలగడదుంప మాత్రం నిజంగా వేరు భాగమే.)

వేరు కొసన తొడుగు, దాని వెనక కణాలు విభజన చెందే చోటు, తర్వాత సాగే చోటు, ఆపైన సన్న వెంట్రుకల్లాంటి మూలకేశాలు. ఒక్కో మూలకేశం పైపొరలోని ఒక్క కణం సాగిందే. నీరు, లవణాలు ఎక్కువగా లోపలికి వెళ్లేది ఇక్కడే. తవ్విన మొక్కలో ఇవి నిలవవు కాబట్టి రాత్రంతా నానిన పెసల్ని తడిగుడ్డ మీద మూత డబ్బాలో ఉంచి రెండు మూడు రోజులకు చూడండి. వేరు చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తుంది. బూజనుకుని పారేసేవాళ్లే ఎక్కువ. బూజైతే గింజ మీదా గుడ్డ మీదా అల్లుకుంటుంది. నూగు వేరుకే, అదీ కొసకు కాస్త వెనకే ఉంటుంది.

వేర్ల మీది బుడిపెల దగ్గరా ఇలాగే పొరబడతారు. మినుము వేరు బుడిపె గోటితో గీకితే ఊడొస్తుంది. కోస్తే లోపల గులాబీ రంగుంటే గాలిలోని నత్రజని పట్టే పని సాగుతోంది. మిరప, వంగ, టమాటా, బెండ మొక్కల్లో వేరు తానే ఉబ్బి, గీకినా ఊడకపోతే అది నేలలోని నులిపురుగుల పని. ఆ మడిలో వెంటనే మళ్లీ ఈ నాలుగూ వేయొద్దు.

వేరు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు జారి లోపలి దారం మిగిలితే కుళ్లు. ఎక్కువగా నీరు నిలవడమే దీనికి మూలం. గాలాడని వేరు నీళ్లు తాగలేదు, అందుకే తడినేలలోనూ మొక్క వాలుతుంది. అది చూసి దాహమనుకుని మళ్లీ తడి పెడితే మొక్క దక్కదు. ముందు కాలువ తీసి నీటిని బయటికి పంపండి. చూసిన కుళ్లు వేర్లను గట్టున పడేయకుండా ఎండబెట్టి కాల్చేయండి, గునపానికి అంటిన మట్టి పక్క మడికి వెళ్లేముందే కడగండి.