గుంటలో చేప పిల్లల్ని చావకుండా వదలడం ఎలా?

మాది నరసన్నపేట దగ్గర పల్లె, ఇరవై సెంట్ల గుంట. ఏటా వానలు పడ్డాక ఎవరో ఒకరు ఫోన్ చేసి, "అన్నయ్యా, నిన్న వదిలిన పిల్లలన్నీ పొద్దున్నకి తెల్లగా తేలిపోయాయి, సీడ్ మంచిది కాదేమో" అంటారు. సీడ్ మంచిదే, వదిలినవాడికే తొందరెక్కువ.

ముందు గుంటని ఎండగట్టండి. ఎండకపోతే మీటరు లోతుకి సెంటుకి 10 కేజీల ఇప్పపిండి (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే చెక్క) నానబెట్టి చల్లండి, కొర్రమీను, మార్పు, జెల్ల లాంటి పిల్లల్ని తినే చేపలు చస్తాయి. ఉంచితే మీ పిల్లలన్నీ వాటికి టిఫినే. ఇప్పపిండి విషం దిగడానికి మూడు వారాలు, తర్వాత అదే ఎరువు. పురుగుమందు పోసేవాళ్లతో నాకు మాటల్లేవు. సెంటుకి కేజీ సున్నం, కాస్త పేడ, అయిపోయింది.

ఇరవై సెంట్లకి 400 పిల్లలు చాలు: బొచ్చె 120, శీలావతి 160, ఎర్రమోసు 120. బొచ్చె పైన, శీలావతి మధ్యలో, మోసు అడుగున తింటాయి కాబట్టి ఒకదాని మేతకి ఇంకోటి అడ్డురాదు. వేలెడు పొడవుకి తక్కువవి కొనకండి. తిలాపియా వద్దు, పిల్లల మీద పిల్లలు పెట్టి గుంటంతా నింపేస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం, ఎవడు చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి.

ఇప్పుడు అసలు పని. ముందురోజు పది పిల్లల్ని దోమతెర సంచిలో పెట్టి గుంటలో వేలాడదీయండి, మర్నాటికి బతికుంటేనే మిగతావి తెచ్చుకోండి. తెచ్చిన ప్యాకెట్‌ని విప్పకుండా నీడలో, గుంట నీళ్ల మీద ఇరవై నిమిషాలు తేలనివ్వండి. మరీ తొందరైతే ప్యాకెట్ మీద ఒక చెయ్యి, గుంటలో ఒక చెయ్యి పెట్టి చూడండి, తేడా తెలిస్తే ఇంకా టైమ్ కాలేదన్నట్టే. తర్వాత మూతి విప్పి, చెంబుడు గుంట నీళ్లు పోసి, రెండు నిమిషాలాగి మరో చెంబుడు, ఇలా పావుగంట. మా బావమరిది ఒకసారి బకెట్‌తో ఎత్తిపోశాడు, సగం పోయాయి. చివర్లో ప్యాకెట్‌ని నీళ్లలో పక్కకి వాల్చండి, వాటంతట అవే ఈదుకుంటూ పోవాలి. మీరు దులపకండి, విసరకండి.

చాలామంది తెల్లవారుజామునే వదలమంటారు. నేను ఒప్పుకోను. రాత్రంతా నాచు, చేపలు ఆక్సిజన్ పీల్చేసి ఆ వేళకి నీళ్లలో అన్నిటికంటే తక్కువ మిగులుతుంది. సాయంత్రం ఎండ తగ్గాక వదలండి.

మేతకి తవుడు, వేరుశనగ చెక్క సమానంగా. పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత, పేడ ఆపి కొత్త నీళ్లు పెట్టండి.

నీళ్లు పొర్లే చోట వల కట్టడం మరిచిపోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను కట్టలేదు. నా బొచ్చెలు పక్కవాళ్ల వరిచేలో దొరికాయి, వాళ్లకి.

ఏడాదికి కాస్త అటూఇటుగా కేజీకొస్తాయి. గాలం వేస్తే గోధుమపిండి ముద్ద చాలు, కానీ కూరకి నాలుగు కావాలంటే విసురు వలే మేలు. చిన్నవి పడితే తడిచేత్తో తీసి వెంటనే గుంటలోకి వదిలేయండి, గట్టు మీద పడేసి ఫొటోలు తీయకండి.