రాజుల చిత్రపటాల్లో అధికార చిహ్నాలను గుర్తించడం ఎలా

రాజు చిత్రపటం ముందు నిలబడినప్పుడు ముఖాన్ని కాసేపు పక్కన పెట్టి, చేతులు దేన్ని తాకుతున్నాయో ముందుగా చూడండి. 1701లో హయసింత్ రిగో చిత్రించిన పధ్నాలుగో లూయీ పటంలో రాజు రాజదండాన్ని తలకిందులుగా, చేతికర్రలా పట్టుకున్నాడు. కిరీటం పక్కనే దిండుపై ఉంది. అధికారం తన సొంతమని నమ్మిన వ్యక్తికే అంత చనువు సాధ్యమని నాకు అనిపిస్తుంది. తర్వాత వస్త్రాన్ని దగ్గరగా పరిశీలించండి: నీలి మఖమలుపై బంగారు లిల్లీ పూలు ఫ్రాన్స్ రాజచిహ్నం కాగా, లోపలి తెల్లని బొచ్చుపై కనిపించే ఒక్కొక్క నల్లని మచ్చ ఎర్మిన్ అనే చిన్న జంతువు తోక కొస. చివరగా నేపథ్యం చూడండి. ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ ఆర్మడా (స్పెయిన్ యుద్ధ నౌకాదళం) చిత్రంలో ఆమె చెయ్యి భూగోళంపై ఉండగా, వెనుక 1588 నాటి స్పెయిన్ నౌకలు తుపానులో చిక్కుకుని కనిపిస్తాయి.