వచ్చిన సమాచారాన్ని నమ్మే ముందు పరీక్షించడం ఎలా?

గట్టిగా వాన పడితే చాలు, ఫలానా చెరువు కట్ట తెగిందంటూ తిరుపతిలో మెసేజ్‌లు మొదలవుతాయి. అన్నీ పుకార్లే అని తీసిపారేయలేం. 2021 నవంబర్‌లో రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చినప్పుడు దిగువ పల్లెల్ని నిజంగానే ఖాళీ చేయించారు. కాబట్టి ఏది నిజమో తేల్చుకునే పద్ధతి ప్రతి ఇంట్లోనూ ఒకరికైనా తెలిసి ఉండాలి.

1. విషయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. "ఘోరం", "వెంటనే షేర్ చేయండి" లాంటివి తీసేయండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగిందన్నది మిగలాలి. మిగలకపోతే అందులో పరీక్షించడానికేమీ లేదు.

2. తేదీ చూడండి. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే అంతకుముందు ఎక్కడ వచ్చిందో చాలాసార్లు దొరుకుతుంది. వీడియో అయితే స్క్రీన్‌షాట్ తీసి వెతకండి. మన దగ్గర ఇంకో ఆనవాలు ఉంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పేపర్ క్లిప్పింగ్‌లో "చిత్తూరు జిల్లా తిరుపతి" అని కనబడితే అది పాతదేమో చూడండి. అలవాటు కొద్దీ ఇప్పటికీ అలా రాసేవాళ్లున్నారు, అందుకని దాన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చేయకండి.

3. చెప్పినవాళ్లకు ఎలా తెలిసిందో అడగండి. ఒకే మెసేజ్ పది గ్రూపుల్లో తిరిగినా అది ఒక్కరి మాటే. కట్ట మీదికెళ్లి చూసిన మనిషి మాట వేరు, విన్నవాళ్ల మాట వేరు. దర్శనం టికెట్ల లింకులకూ ఇదే వర్తిస్తుంది. టీటీడీ వెబ్‌సైట్ పేరు "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్"తో ముగుస్తుంది. స్వామి ఫొటో, గోపురం బొమ్మ ఎవరైనా పెట్టుకోగలరు, ఆ చివరి అక్షరాలే చూడండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

4. దేనితో పోల్చి చెబుతున్నారో చూడండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. "ఈ మందు కొట్టాను, మామిడి విరగకాసింది" అని చిత్తూరు వైపు ఒక రైతు చెప్పాడనుకోండి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ చాలా మామిడి రకాలకు ఒక ఏడు బాగా కాస్తే మరుసటి ఏడు తగ్గే గుణం ఉంది. పోయినేడు కాపు తక్కువైతే ఈ ఏడు మందు లేకున్నా పెరిగి ఉండొచ్చు. పూత సమయంలో వాన, మంచు లేకపోవడమూ కలిసొచ్చి ఉండొచ్చు. మందు సంగతి తేలాలంటే అదే తోటలో, అదే వయసు చెట్లు కొన్నిటికి కొట్టి, కొన్నిటిని వదిలేసి చూడాలి. ఏ చెట్లకు కొట్టాలో చీటీలు తీసి ఎంచుకుంటే ఇంకా మంచిది. లేదంటే తెలియకుండానే బలమైన చెట్లనే ఎంచుకుంటాం. షుగర్ కషాయాల గురించీ ఇలాగే అడగాలి: తాగి తగ్గనివాళ్లు ఎందరు? తగ్గినవాళ్లు మాత్రలు, తిండి కూడా మార్చారా? ఎవరో చెప్పారని డాక్టర్ ఇచ్చిన మాత్రలు మాత్రం ఆపకండి.

5. మీకు నచ్చిన వార్తను ఇంకోసారి చూడండి. మన పార్టీనో, మన ఊరినో పొగిడే మాటకు ఆధారం అడగాలని మనకు తోచదు. అదే మాట అవతలివాళ్ల గురించి వస్తే ఏమడుగుతారో అదే అడగండి.

ఇంత చూసినా తేలకపోతే ఫార్వర్డ్ చేయకుండా ఆపండి. ప్రాణాలకు ముప్పున్న విషయమైతే 112కి గానీ, సచివాలయానికి గానీ ఫోన్ చేసి అడగండి. ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న తప్పుడు వార్త పెడితే అందరి ముందూ కాకుండా ఆయనకే ఫోన్ చేసి, "పెదనాన్నా, ఇది పాత వీడియో అంట, ఒకసారి చూడండి" అని చెప్పండి. ఆయనే తీసేస్తారు.