ఫెన్‌వే పార్క్‌లో బేస్‌బాల్ మ్యాచ్: బయటి ఊరివాళ్లు టికెట్ తీసుకునే విధానం

బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో మొదటి మేజర్ లీగ్ (అమెరికాలో అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్, ఎంఎల్‌బీ) మ్యాచ్ 1912 ఏప్రిల్ 20న జరిగింది. ఇప్పుడున్న మేజర్ లీగ్ మైదానాల్లో ఇంతకన్నా పాతది లేదు. పాత కట్టడం కావడంతో కొన్ని సీట్ల ముందు స్తంభాలు అడ్డం ఉంటాయి, కొన్ని సీట్లు ఆట జరిగే వైపు తిరిగి ఉండవు. అందుకే ఇక్కడ టికెట్ తీసుకోవడం కాస్త చూసుకుని చేయాల్సిన పని. అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకునే పిల్లలు, న్యూజెర్సీ నుంచి వారాంతానికి వచ్చేవాళ్లు, ఇండియా నుంచే బుక్ చేసేవాళ్లు ముందుగా ఇది చదివితే డబ్బు, రోజు రెండూ దండగ కాకుండా ఉంటాయి.

తేదీ ఎంచుకోవడం

విమానం టికెట్ కొనకముందే ఫెన్‌వే సొంత మైదానంగా ఉన్న బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ షెడ్యూల్ చూడండి. సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఉంటే సొంత మైదానంలో ఆడేవి 81. జట్టు బయటి ఊళ్లకు వెళితే వారం దాకా ఫెన్‌వేలో ఆట ఉండకపోవచ్చు. ఏప్రిల్‌లో సాయంత్రాలు బాగా చలిగా ఉంటాయి, పెద్దవాళ్లతో అయితే మే చివరి నుంచి సెప్టెంబర్ దాకా నయం. న్యూయార్క్ యాంకీస్ వచ్చే రోజుల్లో ధర బాగా పెరుగుతుంది. మొదటిసారి చూసేవాళ్లకు ఏ జట్టు వచ్చినా ఒకటే అనుభవం కాబట్టి ఆ రోజులు వదిలేయొచ్చు.

మ్యాచ్‌ను మీ ప్రయాణంలో చివరి రోజుకు మాత్రం పెట్టుకోకండి. వాన వల్ల ఆట వాయిదా పడితే అదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది గానీ, డబ్బు సాధారణంగా తిరిగి రాదు. ఊరిలో ఉండేవాళ్లకు అది పెద్ద సమస్య కాదు, మనకు మాత్రం ఆ టికెట్ పోయినట్టే. వచ్చిన మొదటి లేదా రెండో రోజే చూసేస్తే, మర్నాటికి వాయిదా పడినా మనం ఇంకా ఊళ్లోనే ఉంటాం.

అకౌంట్, చెల్లింపు

ఫోన్‌లో ఎంఎల్‌బీ బాల్‌పార్క్ యాప్ వేసుకుని, ఈమెయిల్‌తో అకౌంట్ తెరవండి. టికెట్ కొనేటప్పుడు కూడా అదే ఈమెయిల్ ఇవ్వాలి. ఈమెయిల్ వేరైతే డబ్బు కట్టినా యాప్‌లో టికెట్ కనిపించదు. చాలామంది కంగారుపడేది ఇక్కడే.

టికెట్లు రెడ్ సాక్స్ సైట్‌లో అమ్ముతారు. గిరాకీని బట్టి ధర మారుతూ ఉంటుంది. అక్కడ దొరక్కపోతే సీట్‌గీక్‌లో చూడండి, 2023 నుంచి మేజర్ లీగ్‌కు అధికారిక రీసేల్ వేదిక (ఒకరు కొన్న టికెట్‌ను మళ్లీ అమ్మే చోటు) అదే. అక్కడ కొనేటప్పుడు ఫీజులు కలిసిన చివరి మొత్తం ఎంతో చూసి నిర్ణయించుకోండి.

ఇండియా కార్డుతో కట్టేవాళ్లు ముందుగా బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో ఇది ఆఫ్‌లోనే వస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలు కొని పంపడం ఇంకా తేలిక: యాప్‌లో ఫార్వర్డ్ నొక్కి అమ్మానాన్నల ఈమెయిల్ ఇస్తే, వాళ్లు తమ ఫోన్‌లో అంగీకరించాలి. అందరూ కలిసే వెళుతుంటే అన్ని టికెట్లూ ఒక్కరి ఫోన్‌లో ఉన్నా సరిపోతుంది.

సీటు: ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

మొదటిసారి నాన్నగారికి, అమ్మకు నేను తీసుకున్న సీట్లు మ్యాప్‌లో చాలా బాగా కనిపించాయి. వెళ్లి కూర్చుంటే నాన్నగారి ముందు నిలువునా ఇనుప స్తంభం. బంతి విసిరేవాడు కనిపిస్తే కొట్టేవాడు కనిపించడు. మూడు గంటలూ ఆయన పక్కకు వంగే చూశారు, ఒక్క మాట అనలేదు. నేను కొన్న రీసేల్ సైట్‌లో ఆ సంగతి చాలా చిన్న అక్షరాల్లో ఉంది. అప్పటి నుంచి ఎవరికైనా ఈ భాగం వివరంగానే చెబుతున్నాను.

గ్రాండ్‌స్టాండ్ సెక్షన్లకు పైకప్పు ఉంటుంది, ఎండా వానా తగలవు. స్తంభాలు ఉండేదీ అక్కడే. టికెట్ వివరాల్లో చూపుకు అడ్డం ఉందని రాసి ఉంటే ఆ సీటు వద్దు. పైగా అక్కడి పాత చెక్క సీట్లు ఇరుకు, మోకాళ్లు ముందు వరుసకు తగులుతాయి. కుడివైపు చివరన ఉండే 5 నుంచి 8 వరకు సెక్షన్లలో సీట్లు మైదానం మధ్యకు తిరిగి ఉంటాయి, బ్యాటర్‌ను చూడాలంటే మ్యాచ్ అంతా మెడ తిప్పుకునే ఉండాలి. బ్లీచర్స్, అంటే బంతి కొట్టే చోటుకు దూరంగా పైకప్పు లేకుండా ఉండే సీట్లు, చవక, స్తంభాల బాధ లేదు. మధ్యాహ్నం మ్యాచ్‌కు మాత్రం అక్కడ టోపీ తప్పనిసరి.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళితే 32, 33 సెక్షన్లు చూడమంటాను. అక్కడ మద్యం అనుమతించరు. ఎడమవైపు ఉన్న 37 అడుగుల ఆకుపచ్చ గోడ, గ్రీన్ మాన్‌స్టర్, అక్కడికి దగ్గర. దాని అడుగున ఉన్న స్కోర్‌బోర్డులో అంకెలను ఇప్పటికీ గోడ లోపల ఉన్న మనుషులే చేత్తో మారుస్తారు.

మెట్లు ఎక్కలేనివాళ్లకు, వీల్‌చైర్ వాడేవాళ్లకు విడిగా సీట్లున్నాయి. కొనేటప్పుడే ఆ రకం ఎంచుకోండి. అమెరికా చట్టం ప్రకారం ఇందుకు డాక్టర్ సర్టిఫికెట్ అడగకూడదు. పక్కపక్కనే ఖాళీ ఉంటే తోడుగా మరో మూడు సీట్లు కూడా తీసుకోవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మకు ఇలాంటి సీటు అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మ్యాచ్ రోజు

కారు వద్దు. చుట్టుపక్కల పార్కింగ్ ధరలు మ్యాచ్ రోజున చాలా ఎక్కువ. బోస్టన్ మెట్రో రైలు మార్గాల్లో ఒకటైన గ్రీన్ లైన్‌లో బి, సి, డి రైళ్లు కెన్మోర్ స్టేషన్‌లో ఆగుతాయి, అక్కడి నుంచి జనం వెంట నడిస్తే చాలు. ఇ రైలు ఎక్కకండి, అది కాప్లీ దాటాక వేరే దారి పడుతుంది. లోగన్ విమానాశ్రయం నుంచి అయితే ఎస్‌ఎల్1 బస్సు ఉచితం. సౌత్ స్టేషన్‌లో దిగి, రెడ్ లైన్‌లో పార్క్ స్ట్రీట్ దాకా వెళ్లి, అక్కడ గ్రీన్ లైన్‌కు మారాలి. ట్యాప్ చేసే బ్యాంక్ కార్డు ఉంటే విడిగా రైలు టికెట్ కొనక్కర్లేదు.

బ్యాక్‌ప్యాక్‌తో లోపలికి రానివ్వరు. చేతిసంచి కూడా 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మందం దాటకూడదు. వీపు సంచి మోసుకుని నేరుగా స్టేషన్ నుంచి వచ్చేసి, గేటు దగ్గర ఏం చేయాలో తెలియక నిలబడిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. సామాను హోటల్‌లో పెట్టే రండి. లోపల నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

టికెట్ స్క్రీన్‌షాట్ తీసుకుని ధీమాగా ఉండకండి, గేటు దగ్గర యాప్‌లోని టికెట్టే చూపాలి. హోటల్‌లో వైఫై ఉండగానే ఒకసారి యాప్ తెరిచి లాగిన్ అయి ఉందో లేదో చూసుకోండి. ఫోన్ నిండా చార్జింగ్ పెట్టండి. ఐఫోన్ అయితే టికెట్‌ను వాలెట్‌లో కూడా వేసుకోవచ్చు.

కనీసం గంట ముందు లోపల ఉండేలా చూసుకోండి. 42వ సెక్షన్, 37వ వరుస, 21వ నంబరు: కుడివైపు ఆకుపచ్చ బ్లీచర్స్ మధ్య ఆ ఒక్క సీటే ఎర్రగా ఉంటుంది. 1946 జూన్ 9న టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి 502 అడుగులు వెళ్లి పడిన చోటు అది. క్రికెట్‌లో ఎన్నో సిక్సర్లు చూసిన నాన్నగారు, రెండోసారి వెళ్లినప్పుడు మెల్లగా ఆ సీటు దాకా ఎక్కి, అక్కడి నుంచి బ్యాటర్ నిలబడే చోటును చాలాసేపు చూశారు.