పాత టేపు పలకడం లేదా? విశ్వవిద్యాలయ విభాగాలకు సమస్య – పరిష్కారం

జానపద, సంగీత, భాషాశాస్త్ర విభాగాల బీరువాల్లో కథాగానాలు, పల్లెపాటలు, మాండలిక సంభాషణలు క్యాసెట్లలోనూ స్పూలు (రీలు) టేపుల్లోనూ ఇంకా ఉన్నాయి. పరిశోధకుడికి అవి ఆధారాలు, నాటకమో సంగీతమో కూర్చే విద్యార్థికి ముడిసరుకు. పాత టేపు చేతికి రాగానే చాలామంది దాన్ని మెషీన్‌లో పెట్టి మీట నొక్కుతారు. దయచేసి ఆ పని చేయవద్దు. పాడైన టేపు బహుశా ఇంకొక్కసారి మాత్రమే పలుకుతుంది. ముందు కంటితో పరీక్షించండి, వాసన చూడండి.

స్పూలు టేపు కీచుమంటూ ఆగి ఆగి తిరుగుతుంది, హెడ్డు మీద గోధుమరంగు జిగురు చేరుతుంది

వెంటనే ఆపేయండి. హెడ్డుకు (టేపును చదివే మెషీన్ భాగానికి) అంటుకున్న ఆ జిగురులోని పొడే మీ రికార్డింగు.

అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించి ఉంచే పాలీయురెథేన్ పూత గాలిలోని తేమను పీల్చుకుని చెడిపోవడమే దీనికి కారణం. 1970లు, 80లలో వచ్చిన ఆంపెక్స్ 456 వంటి స్టూడియో టేపుల్లో ఇది మామూలే. కోస్తా ఉక్కపోతలో, గాలి ఆడని గదుల్లో ఇంకా త్వరగా ముదురుతుంది.

పరిష్కారం సన్నని వేడి. అయితే అంతకన్నా ముందు రీలును దీపానికి ఎదురుగా పట్టుకోండి. చుట్టల గుండా వెలుతురు కనిపిస్తే అది అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన టేపు, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వేడిచేయకూడదు. వెనిగర్ వాసన కూడా వస్తుంటే మిగతా రీళ్ల నుంచి వేరుచేసి, చల్లని పొడి చోట ఉంచి, అన్నిటికంటే ముందు దాన్నే కాపీ చేయాలి. వెలుతురు రాకపోతే చాలావరకు అది పాలియెస్టర్ టేపు. పావు అంగుళం వెడల్పు పాలియెస్టర్ టేపును 50–55 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 8 గంటలు ఉంచి, మధ్యలో తిప్పుతూ, తర్వాత నిదానంగా చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్, మైక్రోవేవ్ పనికిరావు. వేడిని నిలకడగా ఉంచే పొడి ఇంక్యుబేటరు జీవశాస్త్ర ప్రయోగశాలలో దొరుకుతుంది, అడిగి తెచ్చుకోండి. ఈ చికిత్స ఫలితం కొన్ని వారాలే నిలుస్తుంది కాబట్టి కాపీకి అన్నీ సిద్ధం చేసుకున్నాకే మొదలుపెట్టాలి. క్యాసెట్లకు ఈ జబ్బు అరుదు, వాటిని వేడిచేయవద్దు.

క్యాసెట్‌లో మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది

ముందు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి (రబ్బరు రోలరుకు అది తగలనివ్వకండి, ఎండి పగులుతుంది). మార్పు లేకపోతే క్యాసెట్ అంచులోకి తొంగిచూడండి. టేపు వెనుక చిన్న రాగి రేకు, దాని మీద కందిగింజంత ఫెల్టు ముక్క ఉండాలి. అది ఊడిపోతే టేపు హెడ్డుకు ఆనదు. మరలున్న కొత్త క్యాసెట్ పెట్టెలోకి టేపును మార్చండి. ఫెల్టు కూడా బాగుంటే, రికార్డు చేసిన మెషీన్ హెడ్డు కోణం వేరన్నమాట. మీ మెషీన్ హెడ్డు పక్కనున్న మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, 'స', 'శ' అక్షరాలు స్పష్టంగా పలికే చోట ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ ఇది విడిగా చేయాల్సిందే.

పోనుపోను గొంతు సన్నబడుతుంది, మాట వేగం పెరుగుతుంది

ఊళ్లలో చేసిన రికార్డింగుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఆనాడు బ్యాటరీ నీరసించి మోటారు నెమ్మదించింది, అందుకే ఇప్పుడు సరైన వేగంతో తిప్పితే పరుగెడుతోంది. మెషీన్‌ను సర్దవద్దు. ఉన్నది ఉన్నట్టుగా 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీసుకుని, వేగాన్ని మరో ప్రతిలో దిద్దండి. వెనుక శ్రుతిపెట్టె మోగుతుంటే మీకు అదృష్టమే, ఆ శ్రుతి చివరిదాకా నిలకడగా ఉండేలా సరిచేస్తే చాలు. గరగర తొలగించడం కూడా రెండో ప్రతిలోనే. మొదటి ఫైలులోని కోడికూత, పిల్లల అల్లరి రేపటి పరిశోధకుడికి కావాలి.

టేపు అంచున తెల్లటి బూజు

మాస్కు వేసుకోండి, విడిగా సంచిలో పెట్టండి. పూర్తిగా ఆరేదాకా మెషీన్ దగ్గరకు తేవద్దు, బూజు మిగతా టేపులన్నిటికీ పాకుతుంది.

మోటారు చప్పుడు వస్తుంది, చక్రాలు తిరగవు

మోటారును చక్రాలకు కలిపే రబ్బరు బెల్టు కరిగి తారులా మారి ఉంటుంది. చేతికి తొడుగు వేసుకుని ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, అదే కొలత బెల్టు వేయండి.

బెల్టు దొరుకుతుంది, హెడ్డు దొరకదు. టేపులను చదివే యంత్రాలు 2025 ప్రాంతానికి కరవవుతాయన్న ఆందోళనతోనే యునెస్కో సంస్థ అంతర్జాతీయ ధ్వని-దృశ్య భాండాగారాల సంఘంతో కలిసి 2019లో ప్రపంచవ్యాప్త సర్వే మొదలుపెట్టింది. అందుకే కాపీ అయిపోయింది కదా అని మెషీన్లను తుక్కుకు వేయడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అమెరికాలో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరీ ఎమర్సన్ 2009లో స్థాపించిన మీడియా ఆర్కియాలజీ ల్యాబ్‌లో పాత కంప్యూటర్లను విద్యార్థులు ముట్టుకుని, నడిపి, వాటితో కొత్తవి సృష్టిస్తారు. మన విభాగాలకూ అది సాధ్యమే. ఒకే మోడల్ మెషీన్లు రెండు మూడు సంపాదించి, ఒకటి విడిభాగాలకు కేటాయించండి. మిగిలినవి నెలకోసారైనా ఖాళీ క్యాసెట్‌తో తిప్పండి, మరమ్మతు వివరాలు మెషీన్‌కే కట్టిన పుస్తకంలో తేదీతో రాయండి.